గడియారం గదిలోకి నీళ్ళు

గడియారాల దుకాణం,
ఫిబ్రవరి 11

బావా,

ముందు నువ్వు కూర్చో. కూర్చున్నావా? గడియార స్తంభం పని నాకే వచ్చింది!

అవును, అదే. పదకొండేళ్ళుగా నాలుగుంపావు దగ్గర ఆగిపోయి ఊరందరి చేతా తిట్లు తింటున్న ఆ పెద్ద గడియారమే. మున్సిపల్ ఆఫీసు పెద్ద గుమాస్తా నిన్న స్వయంగా దుకాణానికి వచ్చి, "మీ బావగారి దగ్గర పని నేర్చుకున్నావటగా, ఓసారి చూస్తావా?" అన్నాడు. నీ పేరు ఇంత దూరం పాకింది, గర్వపడు. నేనేమీ బయటపడకుండా "చూద్దాంలెండి" అన్నాను. ఆయన వీధి మలుపు తిరగ్గానే షట్టర్ సగం దించి లోపల గంతులేశాను.

ఇవాళ పైకెక్కాను. నూట పన్నెండు మెట్లు. యంత్రం బంగారం, బావా. పళ్ళ చక్రం ఒక్కటీ అరగలేదు. కానీ గది చూస్తే ఏడుపొచ్చింది. దూలాలకి గబ్బిలాలు గుత్తులుగా వేలాడుతున్నాయి. కింద వాటి పెంట మోకాలి లోతు. ఎండి పొడైపోయింది, అడుగు వేస్తే పైకి లేస్తోంది. యంత్రం మీద కూడా వేలెడు మందాన పేరుకుంది.

ఆఫీసులో ఊడ్చే ఆవిడ నాతోపాటు ఎక్కింది. చూడగానే, "నీళ్ళు చల్లి, బాగా నాననిచ్చి, అప్పుడు పారతో ఎత్తాలయ్యా. పొడిగా ఊడవకూడదు" అంది. ఎందుకు అంటే, "ఏమో, మా అమ్మ ఊడవనిచ్చేది కాదు" అంది. మా బావనడిగి చెప్తానన్నాను. చెప్పు మరి. నువ్వు ఊఁ అంటేనే చీపురు పడతాను.

అక్కకి కళ్ళు ఇంకా మసకగానే ఉన్నాయా? ఈ ఉత్తరం చదివి వినిపించు. గంతులేసిన సంగతి మాత్రం వదిలేయ్. మళ్ళీ "వీడికెప్పుడొస్తుంది బుద్ధి" అంటుంది.

నీ బావమరిది


ఇల్లు,
ఫిబ్రవరి 17

ఒరేయ్ అరనిమిషం,

స్తంభం గడియారం చేతికొచ్చిందని పేరు మారుస్తాననుకున్నావేమో. నువ్వు మొదట బాగుచేసిన గోడ గడియారం రోజుకి అర నిమిషం వెనకబడింది. నేను పోయేదాకా నువ్వు అరనిమిషానివే.

ఇక విషయానికొస్తా. నీళ్ళా! గడియారం గదిలోకి నీళ్ళా! నీకు పని నేర్పింది నేనా, దారిన పోయే దానయ్యా? పదకొండేళ్ళు తుప్పు పట్టకుండా బతికిన యంత్రం అది. ఒక్క చుక్క ఇరుసులోకి దిగిందంటే నెల తిరక్కుండా బిగుసుకుపోతుంది. నలభై ఏళ్ళలో నేనెక్కిన ఏ గడియారం గదిలోకీ చెంబుడు నీళ్ళు రానివ్వలేదు. దాహమేస్తే కిందికి దిగి తాగి, మళ్ళీ ఎక్కేవాణ్ణి.

పొడిగానే ఊడువు. ముందు కొబ్బరీనల చీపురు, తర్వాత మెత్తటి బ్రష్షు. చక్రాల పళ్ళ మధ్య ఉన్నది సైకిల్ పంపుతో ఊదెయ్. తర్వాత కిరసనాయిలు గుడ్డ, ఆ తర్వాతే నూనె. ముక్కుకి తువ్వాలు కట్టుకో, చాలు. గబ్బిలాలు సాయంత్రం బయటికి పోయాక కిటికీలకి వల కొట్టెయ్. ఊడ్చే ఆవిడకి గడియారాల సంగతి ఏం తెలుస్తుంది, పాపం.

చేతుల వణుకు తగ్గలేదు. ఈ అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. లేకపోతే ఆ మెట్లు నేనే ఎక్కేవాణ్ణి, నీకిచ్చేవాణ్ణా?

మీ అక్కకి నీ ఉత్తరం వినిపించాను, గంతులతో సహా. అన్నమాటే అంది.

బావ


గడియారాల దుకాణం,
మార్చి 14

బావా,

తిరుగుతోంది! నిన్న పొద్దున తొమ్మిదింటికి మొదటి గంట కొట్టింది. కింద కూరగాయల వాళ్ళు బేరాలాపి పైకి చూశారు. ఒక ముసలాయన అయితే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నా భార్య చిట్టిని భుజానికెత్తుకుని చూపించింది. "నాన్న గంట" అందట అది. నాలుగేళ్ళ పిల్ల, ఇప్పుడు ఏ గంట మోగినా నాదే అంటోంది. పాలవాడి సైకిల్ బెల్లు కూడా.

నువ్వు చెప్పినట్టే చేశాను. చుక్క నీళ్ళు తగలనివ్వలేదు. మూడు రోజులు ఊడ్చాను. రెండో రోజు గదిలో నా చెయ్యి నాకే కనపడలేదు. తువ్వాలు కట్టినా నోట్లో మట్టి రుచి పోలేదు. నాలుగో రోజు సైకిల్ పంపు పట్టుకుని పన్నుకి పన్ను ఊదాను. అప్పుడు లేచిన దుమ్ము అంతా ఇంతా కాదు. ఊడ్చే ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది, లోపలికి రానంది. ఆవిడ మొహం చూసి నవ్వొచ్చింది.

వారానికోసారి కీ ఇవ్వడానికి నేనే ఎక్కాలి. కాస్త దగ్గు, ఒళ్ళు వెచ్చబడింది. జలుబు చేసింది, అంతే. గడియారం ఎంత వెనకబడుతోందో అడగవేం? రోజుకి రెండు సెకన్లు. ఇప్పుడు చెప్పు, నా పేరేంటి?

నీ బావమరిది


ఇల్లు,
మార్చి 22

ఒరేయ్ రెండు సెకన్లు,

ఒప్పుకున్నాను. ఈ ఒక్క ఉత్తరానికే ఆ పేరు. మళ్ళీ నెత్తికెక్కించుకోకు.

మీ అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను పెట్టుకోలేదు, నాకు కంట్లో ఏదో పడింది. దగ్గుకి ఆవిరి పట్టమని చెప్పమంది. రోజూ పట్టు. తగ్గగానే ఒక ముక్క రాయి. ఒళ్ళు వెచ్చబడటం ఎన్నాళ్ళుంది? పది రోజులు దాటిందా? ఊరికే అడుగుతున్నాను.

బావ


ఇల్లు, ముందు గది,
ఏప్రిల్ 27

బావా,

ఒక మాట రాస్తాను, గాభరా పడకు. నాకు క్షయ అన్నారు.

ఆ జలుబు జలుబు కాలేదు. సాయంత్రమైతే జ్వరం, తెల్లారేసరికి పక్క తడిసేంత చెమట. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పెట్టుకున్నాను. ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తుల నిండా చుక్కలు. కఫం పరీక్షలో ఏమీ తేలలేదు గానీ, చూస్తే అదేనని మందులు మొదలుపెట్టారు. ఆరు నెలలు మింగాలి.

నన్ను ముందు గదిలోకి మార్చారు. నా కంచం వేరు, గ్లాసు వేరు. చిట్టిని దగ్గరకి రానివ్వట్లేదు. గుమ్మం మీద సుద్దముక్కతో గీత గీశాను. అది గీత అవతల కూర్చుని బొమ్మకి నా కబుర్లు చెబుతుంది. మొన్న కాలి బొటనవేలు గీత మీద పెట్టి నా మొహంకేసి చూసింది. "వెనక్కి!" అని కసిరాను. ఏడవలేదు. వెనక్కి జరిగి కూర్చుంది.

ఏం పని చేస్తావని డాక్టరు అడిగితే, బల్ల దగ్గర కూర్చుని గడియారాలు బాగుచేస్తానన్నాను. స్తంభం మాట ఎత్తలేదు, దానికీ దీనికీ ఏం సంబంధం?

నాకు క్షయ అని అక్కకి చెప్పు, దాచకు. కానీ పోయిన ఉత్తరంలో దుమ్ము గురించి నేనేదో వాగాను కదా, అది ఆవిడ చెవిన పడితే నిన్ను సాధిస్తుంది. నువ్వు చెప్పింది మంచి మెకానిక్ చెప్పే మాటే. అందులో తప్పు లేదు.

నీ బావమరిది


ఇల్లు,
మే 6

బావమరిదికి,

ఉత్తరం అందింది. ధైర్యంగా ఉండు. ఈ రోజుల్లో క్షయ పెద్ద జబ్బు కాదు. మందులు మానకుండా వేసుకో. గుడ్లు, పాలు బాగా తీసుకో. మీ అక్కకి చెప్పాను.

ముక్కుకి తువ్వాలు కట్టుకున్నావు కదా? గట్టిగానే కట్టుకున్నావు కదా?

బావ


పెద్దాసుపత్రి, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం,
జూన్ 30

బావా,

నీ పోయిన ఉత్తరం ఎవరో గుమాస్తా రాసినట్టుంది. ఒక్క వెక్కిరింపు లేదు. నాకు భయమేసింది.

మన ఊరి డాక్టరు చేతులెత్తేశాడు. బస్సులో ఐదు గంటలు ప్రయాణం చేసి ఈ పెద్దాసుపత్రికి వచ్చాం. రెండు నెలలు మందులు మింగినా జ్వరం దిగలేదు. ఆయాసానికని ఇంకో మాత్ర ఇచ్చారు. అది వేసుకుంటే రెండ్రోజులు బాగుంటుంది, మూడో రోజు నుంచి ఇంకా దిగజారుతున్నాను. మంచం నుంచి స్నానాల గదికి పద్నాలుగు అడుగులు. మధ్యలో గోడ పట్టుకుని ఆగుతున్నాను. నిన్న నర్సు తూకం చూసి చీటీ నాకు చూపించకుండా మడిచేసింది.

ఇక్కడ ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఉంది. వింత ప్రశ్నలు అడిగింది. పావురాలు పెంచుతావా? గుహల్లోకి వెళ్ళావా? పాడుబడ్డ చోట ఊడ్చావా? గబ్బిలాలున్న చోట పనిచేశావా? నా భార్య పక్కనే ఉంది. ఆవిడకి నేను గడియారం బాగుచేశానని తెలుసు గానీ, ఊడ్చింది నేనేనని తెలీదు. అవునంటే ఎందుకు ఊడ్చావంటారు. ఎవరు ఊడవమన్నారంటారు. అక్కడి నుంచి అది అక్క దాకా పోతుంది. లేదండీ, అన్నాను. డాక్టరమ్మ రెండోసారి అడిగింది. లేదనే అన్నాను.

ఒక్కటి చెప్పు. నేను పోతే స్తంభానికి కీ ఎవరిస్తారు? వేళాకోళమే, కోప్పడకు.

నీ బావమరిది


ఇల్లు,
జూలై 3

ఒరేయ్ నాయనా,

ఈ ఉత్తరం చదవడం అయ్యీ అవగానే డాక్టరమ్మ చేతిలో పెట్టు. మొహమాటపడకు. ఆసుపత్రికి రెండుసార్లు ఫోన్ చేశాను, వార్డుకి కలపడం కుదరదన్నారు. మీ ఊరి మీదుగా ఆసుపత్రి దాకా వెళ్ళే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

అమ్మా డాక్టరమ్మా, వీడు అబద్ధం చెప్పాడు. మార్చి నెల మొదట్లో వీడు గబ్బిలాల పెంట మోకాలి లోతున్న గదిని మూడు రోజులు పొడిగా ఊడ్చాడు. నాలుగో రోజు సైకిల్ పంపుతో ఊదాడు. నీళ్ళు చల్లమని అక్కడి మనిషి చెప్పింది. వద్దన్నది నేను. చక్రాలు తుప్పు పడతాయని వద్దన్నాను.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది.

నువ్వు నిక్కర్లేసుకునే రోజుల్లో నాకో జతగాడుండేవాడు. పొడుగు అనేవాళ్ళం. ఏ గడియారం గదిలోనూ నిటారుగా నిలబడలేకపోయేవాడు, తల దూలానికి కొట్టుకునేది. వేరే ఊళ్ళో ఇలాంటి స్తంభమే ఒప్పుకున్నాం. అక్కడా గబ్బిలాలే. అక్కడి కాపలా ముసలాయన నీళ్ళు చల్లమన్నాడు. "తుప్పు పడితే చక్రాలు నువ్వు చేసిస్తావా?" అని నవ్వాను. నేను చక్రాలు విప్పుతూ కూర్చున్నాను, పొడుగు ఊడ్చాడు. నాకు పది రోజులు జ్వరమొచ్చి పోయింది. వాడికి పోలేదు. క్షయ అన్నారు, ఆ మందులే ఇచ్చారు. నాలుగో నెలలో పోయాడు. కాపలా ముసలాయన చూడ్డానికొచ్చాడు. నాకేసి చూశాడు, అంతే.

వాడిది క్షయేనని ఇన్నేళ్ళూ నమ్మాను. నమ్మాలనుకున్నాను. నీ మొదటి ఉత్తరంలో ఆవిడ అన్న నీళ్ళ మాట చదివినప్పుడే నాకు పొడుగు గుర్తొచ్చాడు. నిన్ను నీళ్ళు చల్లమంటే, ఆనాడు చల్లనందుకే పొడుగు పోయాడని నేను ఒప్పుకున్నట్టే కదరా. ఒప్పుకోలేక యంత్రాన్ని అడ్డం పెట్టుకున్నాను. నీళ్ళా, నీళ్ళా అని నీ మీద అరిచాను.

జ్వరం పది రోజులు దాటిందా అని ఊరికే అడగలేదు. లెక్కపెడుతున్నాను. నీకు క్షయ అన్నారని చదివినప్పుడే నాకు తెలిసిపోయింది. తెలిసీ గుడ్లు తిను, పాలు తాగు అని రాసి రెండు నెలలు ఊరుకున్నాను. నీ ఉత్తరాలు మీ అక్కకి చదివేటప్పుడు దుమ్ము మాట వచ్చిన ప్రతిచోటా దాటేశాను. "ఏమిటి ఆగారు?" అంటే, వీడి రాత అర్థమై చావట్లేదన్నాను. ముత్యాల్లాంటి నీ రాతని అన్నాను.

నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పావు. దానికి నేను తగనురా. పో, డాక్టరమ్మ దగ్గరికి పో.

బావ


పెద్దాసుపత్రి, రెండో అంతస్తు,
జూలై 29

బావా,

డాక్టరమ్మ నీ ఉత్తరం నిలబడే చదివింది. చదవడం అయ్యాక నాకేసి ఒక చూపు చూసి, "మిమ్మల్ని ఏమనాలో తెలియట్లేదు" అంది. ఆ పూటే గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి గొట్టం దించి నీరు తీశారు. క్షయ కాదు. గబ్బిలాల పెంటలో పెరిగే ఒక రకం బూజు. కంటికి కనపడనంత చిన్న రేణువులుగా దుమ్ములో ఉంటుందట. కదిపితే గాల్లోకి లేచి, ఊపిరితోపాటు లోపలికెళ్ళి కాపురం పెడుతుంది. ఎక్స్‌రేలో అచ్చం క్షయలాగే ఉంటుందట. కొంచెం పీల్చినవాళ్ళకి జ్వరమొచ్చి పోతుంది, నీకు పోయినట్టు. నాలా పీల్చినవాళ్ళకి పోదు. ఆ ఆయాసం మాత్ర వేసుకోవడం దానికి మేత వేసినట్టయిందట. ఆ మాత్ర తగ్గిస్తూ వచ్చి ఆపేశారు. సీసా కట్టి సూదిమందు ఎక్కిస్తున్నారు. ఎక్కినప్పుడు మంచం ఊగేంత వణుకు పుడుతుంది. కానీ ఐదు రోజులుగా జ్వరం లేదు. బతుకుతావంటోంది డాక్టరమ్మ.

ఇక రెండో మాట. నాకు కోపం వచ్చింది బావా. బాగా వచ్చింది. పొడుగు సంగతి నాకు ఫిబ్రవరిలో చెప్పి ఉంటే రెండు బిందెల నీళ్ళతో పోయేది. పోనీ, మేలో చెప్పినా రెండు నెలలు కలిసొచ్చేది. కుడి ఊపిరితిత్తి కింది భాగం ఎండిపోయింది, అది ఇక తిరిగి రాదట. అవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఈ జబ్బు మనిషి నుంచి మనిషికి అంటదట! ఎప్పుడూ అంటదట! గుమ్మం మీద సుద్దగీత గీసి నా బిడ్డని అవతల కూర్చోబెట్టాను. కసిరాను. మొన్న ఆసుపత్రికి తీసుకొచ్చారు. రా అని చేతులు చాపితే తలుపు దగ్గరే ఆగి, కింద గీత ఎక్కడుందా అని నేలంతా వెతికింది.

అది నీ ఒక్కడి మీదే వెయ్యను. డాక్టరమ్మ రెండుసార్లు అడిగితే రెండుసార్లూ లేదన్నది నేను. నువ్వు దాచావు, నేనూ దాచాను. మన ఇద్దరి మధ్యా ఆ బూజు హాయిగా పెరిగింది.

నువ్వు అక్కకి చెప్పావా లేదా?

నీ బావమరిది


గడియారం గది, నూట పన్నెండో మెట్టు పైన,
ఆగస్టు 24

ఒరేయ్ అరనిమిషం,

ఎక్కడి నుంచి రాస్తున్నానో చూశావుగా. ఆసుపత్రికి రావడానికి మొహం చెల్లలేదు. ఇక్కడికొచ్చాను.

మీ అక్కకి చెప్పాను. ఉత్తరాలన్నీ దగ్గర పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివాను. నేను నీకు రాసినవి కూడా గుర్తున్నంత వరకు చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా విని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇరవై రెండు రోజులైంది. కంచం పెడుతుంది, మంచినీళ్ళు పెట్టదు. మాట్లాడదు. ఇక్కడికి వచ్చేదాకా గ్లాసు పట్టుకుని నేనే లేచి వెళ్ళి ముంచుకున్నాను.

నీకెలా ఉందో కనుక్కుందామని మీ దుకాణం పక్కాయనకి ఫోన్ చేస్తే, మాటల్లో ఈ సంగతి చెప్పాడు. పై దూలాల మీద పెంట ఇంకా ఉందని ఆఫీసు వాళ్ళు ఇద్దరు కూలీలని పంపుతున్నారట, చీపుళ్ళిచ్చి. మర్నాడే బస్సెక్కాను. పెద్ద గుమాస్తాని పట్టుకుని నేను చేసింది మొత్తం చెప్పాను. వాళ్ళని ఆపాను.

తర్వాత నీళ్ళు మోశాను. నలభై ఏళ్ళలో మొదటిసారి. మందుల షాపులో అడిగి గట్టి మాస్కులు తెచ్చాను. ఈ చేతులతో బిందె ఎక్కడ నిలుస్తుంది? సగం మెట్ల మీదే ఒలికింది. మూడో విడతకి ఊడ్చే ఆవిడ ఎదురొచ్చింది. "మీరేనా ఆ బావగారు?" అంది. నేనే అన్నాను. నన్ను తిడుతుందేమోనని ఆగాను. బిందె అందుకుంది. అమ్మా, మీ అమ్మ మాట నిజం అన్నాను. "తెలుసు" అంది.

నాలుగు రోజులు పట్టింది. తడిపి, నాననిచ్చి, పారతో ఎత్తాం. దుమ్ము లేవలేదు. యంత్రం మీద కూడా నీళ్ళు పడ్డాయి. తుడిచాను గానీ ఈ చేతులు ఇరుసుల దాకా పోవు. ఆగిపోయిన గడియారానికి కీ ఇచ్చి, ఇకనుంచి ఇవ్వడం ఊడ్చే ఆవిడకి నేర్పాను. కొట్టుకుంటోంది, వింటున్నాను. ఎన్నాళ్ళో చెప్పలేను.

తలుపు మీద రంగుతో రాశాను. వంకరటింకరగా వచ్చింది గానీ చదవొచ్చు. "ముందు నీళ్ళు. నానాకే పార. చక్రాలు తుప్పు పట్టినా సరే."

బావ


ఇల్లు,
అక్టోబరు 19

బావా,

ఇంటికొచ్చి పది రోజులైంది. ఇంకో ఏడాది మాత్రలు మింగాలి. దుకాణం దాకా నడుస్తున్నాను, దారిలో చెప్పుల షాపు మెట్ల మీద ఒకసారి కూర్చుంటాను. స్తంభం మెట్లు ఇక ఎక్కలేను. ఈ జన్మకి అంతేనంది డాక్టరమ్మ. నేను ఆ గది మళ్ళీ చూడను, బావా.

గుమ్మం మీద గీత నేనే తడిగుడ్డతో తుడిచాను. చిట్టి రెండు రోజులు అక్కడే ఆగింది. మూడో రోజు బొమ్మని ముందు పంపింది, బొమ్మకి ఏమీ కాలేదని చూసి తర్వాత తనొచ్చింది.

నీ గడియారం సంగతి చెప్పాలి. రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతోంది. నన్ను అరనిమిషం అన్నావు, నిన్నేమనాలి? పెద్ద గుమాస్తా వచ్చి సరిచేయమన్నాడు. మెట్లెక్కలేను, ఊపిరితిత్తి సగం పోయింది అన్నాను. మీ బావగారిని రమ్మందామా అన్నాడు. ఆయన చేతులు వణుకుతాయి, ఇరుసు విప్పలేడు అన్నాను. ఇద్దరి గురించీ నిజమే చెప్పాను. చాలా తేలిగ్గా ఉంది. ముందే చెప్పి ఉండాల్సింది.

కోపం పూర్తిగా పోలేదు. రోజూ కొంచెం తగ్గుతోంది, రోజూ కొంచెం మిగులుతోంది. నువ్వు స్తంభానికొచ్చావు, ఆసుపత్రికి రాలేదు. అది ఇంకా గుచ్చుకుంటోంది. ఈసారి ఇంటికి రా. మొహం చెల్లకపోయినా రా.

ఇక ఇక్కడి నుంచి నీకు కాదు. అక్కకి చదువు. ఒక్క ముక్క దాటెయ్యకు, నా రాత ముత్యాల్లాంటిదని నువ్వే అన్నావు.

అక్కా, నేను బతికే ఉన్నాను. ఆ ఉత్తరం బావ బస్సు డ్రైవరు చేతికి ఇవ్వకపోతే బతికేవాణ్ణి కాదు. చంపబోయిందీ ఆయన మాటే, బతికించిందీ ఆయన మాటే. ఏది ఎక్కువో నాకు తేలట్లేదు, నువ్వూ తేల్చకు. ఇది చదువుతూ ఆయన గొంతు ఆగిపోతుంది చూడు. ఆగితే, కాసిని మంచినీళ్ళు ఇవ్వు.

నీ తమ్ముడు